పాత డాస్ ఆటలకు డాస్‌బాక్స్: పదేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

విండోస్‌కు ముందు కంప్యూటర్లను నడిపిన డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కాలపు ఆటలను కొత్త కంప్యూటర్లలో ఆడుకోవడానికి నేను పదేళ్లకు పైగా డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామును వాడుతున్నాను. ఈలోగా కంప్యూటర్లు మూడు మారాయి గానీ, పాత హార్డ్ డిస్కు నుంచి తీసి భద్రపరచుకున్న ఆటల ఫోల్డరు మాత్రం ప్రతి కొత్త యంత్రంలోకీ నాతోపాటు వస్తూనే ఉంది. ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. ఆటను తెరమీదికి రప్పించడం ఐదు నిమిషాల పని. దానిని అసలు వేగంతో, అసలు శబ్దంతో, అసలు ఆకారంతో నడిపించడానికి ఓపిక కావాలి. ఆ ఓపికకు తగిన ఫలితాన్ని డాస్‌బాక్స్ తప్పకుండా ఇస్తుంది.

అసలు ఇటువంటి సాధనం అవసరం ఎందుకు వచ్చిందో ముందుగా చెప్పాలి. 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రాములను నడపదు. ప్రాసెసర్ 64 బిట్ల పద్ధతిలో పనిచేస్తున్నప్పుడు, డాస్ ప్రోగ్రాములకు ఆధారమైన వర్చువల్ 8086 పద్ధతి అందులో అందుబాటులో ఉండదు. అందుచేత పాత ఆట ఫైలును ఎన్నిసార్లు తెరవబోయినా, ఇది మీ కంప్యూటర్‌లో నడవదన్న సందేశమే ఎదురవుతుంది. 2002లో మొదటిసారి వెలువడిన డాస్‌బాక్స్, ప్రాసెసర్, వీజీఏ అనే ఆనాటి పద్ధతి తెర, శబ్దం పలికించే సౌండ్ బ్లాస్టర్ కార్డు, 16 మెగాబైట్ల మెమరీ ఉన్న ఒక పాత కంప్యూటర్‌ను మొత్తంగా సాఫ్ట్‌వేర్‌లోనే కట్టి, దానిలో ఆటను నడుపుతుంది. ఇది ఉచితం, దీని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది.

కొత్తవారిని మొదట తికమకపెట్టేది మౌంట్ ఆదేశం. ఆటలున్న ఫోల్డరును డాస్‌బాక్స్‌కు సి డ్రైవుగా చూపించాలి. ఆ ఆదేశాన్ని సెట్టింగుల ఫైలు చివర, మొదలవగానే నడిచే ఆదేశాలకోసం ఉండే ఆటోఎగ్జెక్ భాగంలో ఒకసారి రాసి పెడితే మళ్లీ టైపు చేసే పని ఉండదు. సీడీ మీద వచ్చిన ఆటల సంగీతం ఆడియో ట్రాకులుగా ఉంటే, డిస్కు మొత్తాన్నీ క్యూ, బిన్ అనే ఫైళ్ల జతగా నకలు (ఇమేజ్) తీసుకోవాలి. ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా తీస్తే ఆట నడుస్తుంది గానీ సంగీతం రాదు.

ఇక అసలు విషయం వేగం. ఆ కాలపు ఆటల్లో రెండు రకాలున్నాయి. 1993 నాటి డూమ్ గడియారాన్ని చూసుకుని నడుస్తుంది. తన లోకాన్ని సెకనుకు 35 సార్లు చొప్పున ముందుకు కదిలిస్తుంది కాబట్టి, యంత్రం ఎంత వేగమైనదైనా అందులోని రాక్షసుల నడక మారదు. 1990లో వచ్చిన వింగ్ కమాండర్‌కు అటువంటి కట్టుబాటు లేదు, యంత్రం ఎంత తొందరగా గీయగలిగితే అంత తొందరగా ఆట సాగిపోతుంది. వేగాన్ని గరిష్ఠానికి పెట్టి నేను దానిని మొదటిసారి ఆడినప్పుడు, శత్రు నౌక తెరకు ఒక అంచున కనిపించి, నేను గురి మళ్లించేలోగా రెండో అంచు దాటిపోయింది. డాస్‌బాక్స్‌లో ఈ వేగాన్ని సైకిల్స్ అనే అంకె నిర్ణయిస్తుంది. ఒక మిల్లీసెకనులో సుమారు ఎన్ని ఆదేశాలు నడపాలన్నదే ఆ అంకెకు అర్థం. ప్రాసెసర్ పాత 16 బిట్ల పద్ధతిలో (రియల్ మోడ్) నడిచే సాధారణ ఆటలకు ఇది మొదట 3,000 దగ్గర ఉంటుంది. కంట్రోల్, ఎఫ్12 కలిపి నొక్కితే 10 శాతం పెరుగుతుంది, కంట్రోల్, ఎఫ్11 నొక్కితే 20 శాతం తగ్గుతుంది, ప్రస్తుతం ఎంత ఉన్నదీ విండో పైపట్టీలో కనిపిస్తూ ఉంటుంది. నేను ఆటలో బాగా రద్దీగా ఉండే దృశ్యానికి వెళ్లి, కదలిక తడబడేవరకూ అంకెను తగ్గించి, అక్కడి నుంచి మెల్లగా పెంచుకుంటూ వచ్చి, తడబాటు పోయిన చోట ఆపి, ఆ అంకెను ఆ ఒక్క ఆటకే ప్రత్యేకించిన సెట్టింగుల ఫైలులో రాసిపెడతాను. వింగ్ కమాండర్‌కు అలా 3,000కూ 5,000కూ మధ్య కుదిరింది. అన్ని ఆటలకూ ఒకే సెట్టింగుల ఫైలు చాలునని చెప్పేవారితో నేను ఏకీభవించలేను.

టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో రాసిన కొన్ని ఆటలు వేగం ఎక్కువైతే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చూపించి మొదట్లోనే ఆగిపోతాయి. అవి యంత్రం వేగాన్ని కొలుచుకునేటప్పుడు చేసే భాగహారం ఫలితం 16 బిట్లలో పట్టకపోవడమే దానికి కారణం. సైకిల్స్ తగ్గించి మొదలుపెడితే అవి కూడా నడుస్తాయి.

శబ్దం విషయంలో నేను పడిన ఇబ్బంది ఒకటి చెప్పాలి. పాత డిస్కు నుంచి తెచ్చుకున్న ఒక ఆట మొదలవగానే తలుపు తెరుచుకునే చప్పుడు వచ్చి, అదే ముక్క ఆగకుండా మళ్లీ మళ్లీ మోగుతూ ఉండేది. రెండు సాయంత్రాలు వెతికిన తర్వాత కారణం దొరికింది. కార్డు ప్రాసెసర్‌ను పిలవడానికి వాడే సంకేతపు అంకెను ఐఆర్‌క్యూ అంటారు; నా పాత సౌండ్ కార్డు ఐఆర్‌క్యూ 5 మీద ఉండేది, ఆట ఆ వివరాన్ని తన ఫైలులో దాచుకుంది. డాస్‌బాక్స్‌లో మాత్రం ముందుగా ఉండేది ఐఆర్‌క్యూ 7. ఆటతోపాటు వచ్చిన సెటప్ ప్రోగ్రామును నడిపి, సౌండ్ బ్లాస్టర్ ఎంచుకుని, పోర్టు 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని ఇవ్వగానే సరిపోయింది. పాత యంత్రం నుంచి ఆటలను నకలు చేసుకునేవారు ఈ పని ముందే చేసుకోవడం మంచిది.

బొమ్మ ఆకారం గురించి చాలామంది పట్టించుకోరు. ఆనాటి ఆటలు 320 అడ్డం, 200 నిలువు చుక్కలతో గీసినవే అయినా, 4:3 మానిటర్ మీద ఆ చుక్కలు నిలువుగా సాగి కనిపించేవి. ఈనాటి తెర మీద చుక్కలు చదరంగా ఉంటాయి కాబట్టి బొమ్మ పైనుంచి అణిగినట్లవుతుంది: పూర్ణచంద్రుడు అడ్డంగా పెట్టిన కోడిగుడ్డులా, మనిషి పొట్టిగా, వెడల్పుగా కనిపిస్తాడు. 2010లో వచ్చిన 0.74 వెర్షన్‌లో ఆస్పెక్ట్ అనే సెట్టింగు ముందుగా ఆపివేసి ఉంటుంది, దానిని మనమే ట్రూ అని మార్చుకోవాలి. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో గోడ అంచు పట్టుకుని వేలాడే కుర్రవాడు ఆ మార్పు తర్వాత నాకు చిన్నప్పుడు చూసిన సన్నని రూపంలోకి వచ్చాడు, సెట్టింగుల ఫైలులోని ఆ ఒక్క పంక్తి కోసం ఎంత శ్రమపడినా తగునని నాకు అనిపించింది.

లోటు ఒకటి మిగిలే ఉంది. వీజీఏ ఆటలు సెకనుకు 70 సార్లు తెరను తిరిగి గీసేవి, 60 హెర్ట్జ్ మానిటర్ మీద ఆ లెక్క సమంగా కుదరదు, అందువల్ల పక్కకు జరిగే దృశ్యాల్లో సన్నని కుదుపు కనిపిస్తుంది. వేగమైన మానిటర్‌కు మారాక నాకు ఇది బాగా తగ్గింది. విండోస్ 95, 98 కాలపు ఆటలకు మూల డాస్‌బాక్స్ తగినది కాదు. వాటికి డాస్‌బాక్స్ నుంచి పుట్టిన డాస్‌బాక్స్-ఎక్స్ వైపు వెళ్లాలి, త్రీడీ ఆటలైతే పాత గ్రాఫిక్స్ ఆదేశాలను కొత్త విండోస్‌కు అర్థమయ్యేలా మార్చే డీజీవూడూ 2 ప్రయత్నించాలి. డాస్ ఆటలకే అయినా, ఈ రోజు మొదలుపెట్టేవారికి నేను డాస్‌బాక్స్‌కే మరో రూపమైన డాస్‌బాక్స్ స్టేజింగ్ సూచిస్తాను. బొమ్మ నిష్పత్తిని అది తనంతట తానే సరిచేస్తుంది, రోలాండ్ ఎంటీ-32 అనే ఆనాటి సంగీత పరికరం కోసం రాసిన సంగీతాన్ని కూడా తనలోనే పలికించగలదు.

ఇవన్నీ అమరాక కూడా ప్రిన్స్ ఆఫ్ పర్షియా మొదటి అంతస్తు దాటగానే, ఆటతోపాటు వచ్చిన పుస్తకంలో ఫలానా పేజీలోని అక్షరం ఉన్న పానీయమే తాగమని అడుగుతుంది. అది నకలు చేసేవారిని ఆపడానికి పెట్టిన తాళం, యంత్రాన్ని ఎంత చక్కగా అనుకరించినా దానికి జవాబు దొరకదు. అందుకే నా దగ్గరున్న ఆటల పుస్తకాలన్నీ స్కాన్ చేసి, ఏ ఆట పుస్తకాన్ని ఆ ఆట ఫోల్డరులోనే, సెట్టింగుల ఫైలు పక్కన పెట్టుకున్నాను.