గ్రేట్‌ఫుల్ డెడ్ లైవ్‌లో ఏది మేలు: 1969 నాటి 'లైవ్/డెడ్'నా, 1977 కార్నెల్ కచేరీనా?

అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్‌ని స్టూడియో ఆల్బమ్‌లు విని అంచనా వేస్తే దానికి అన్యాయమే. 'డార్క్ స్టార్' 1968లో సింగిల్‌గా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. ఏడాది తిరిగేసరికి శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ వెస్ట్ వేదిక మీద అదే పాట 23 నిమిషాలు సాగింది. అందుకే వీళ్ల విషయంలో ఏ ఆల్బమ్ వినాలి అని కాదు, ఏ కచేరీ వినాలి అనే అడుగుతారు.

ఎక్కువగా వినిపించే జవాబులు రెండు. ఒకటి 1969 నవంబర్‌లో వచ్చిన లైవ్ ఆల్బమ్ 'లైవ్/డెడ్'. రెండోది 1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో జరిగిన కచేరీ. 'యూరప్ 72' పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. పాటల బలం చూస్తే అది దేనికీ తీసిపోదు. కానీ అందులో గొంతులు చాలావరకు తర్వాత స్టూడియోలో మళ్లీ పాడి కలిపినవి. లైవ్ రికార్డింగ్‌గా తూచేటప్పుడు దాన్ని పక్కన పెడతాను.

'లైవ్/డెడ్' వినేటప్పుడు చెవిని ముందు బేస్ మీద పెట్టండి. మామూలు రాక్ బ్యాండ్‌లో బేస్ అడుగున ఉండి తాళాన్ని నిలబెడుతుంది. ఫిల్ లెష్ ఆ పని చేయడు. జెర్రీ గార్సియా గిటార్ ఒక మాట అంటే అతను దానికి బదులు చెబుతాడు, ఒక్కోసారి అడ్డం తిరుగుతాడు. 'డార్క్ స్టార్'లో మొదటి చరణం రావడానికే ఆరు నిమిషాల దాకా పడుతుంది. రాగాలాపన వినే అలవాటున్న మనవాళ్లకి ఈ ఓపిక కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ మనోధర్మం ఒక్కరి సొత్తు కాదు, అందరూ ఒకేసారి అల్లుతుంటారు. ఇదంతా విడివిడిగా, స్పష్టంగా వినబడటానికి కారణం ఒక్కో వాద్యాన్నీ, గొంతునీ విడివిడిగా ఎక్కించే 16 ట్రాకుల మెషీన్. రాక్ లైవ్ ఆల్బమ్‌లలో దాన్ని వాడిన తొలి వాటిలో ఇది ఒకటి. తర్వాత వచ్చే 'ది ఎలెవెన్' పేరుకు తగ్గట్టే పదకొండు దెబ్బల లెక్కలో నడుస్తుంది. ఇద్దరు డ్రమ్మర్లలో ఒకరైన మిక్కీ హార్ట్ మీద తబలా విద్వాంసుడు అల్లా రఖా ప్రభావం ఉందని తెలిశాక ఆ లెక్క ఆశ్చర్యం కలిగించదు.

కార్నెల్ నాటికి బ్యాండ్ తీరే వేరు. నిర్మాత కీత్ ఓల్సెన్‌తో 'టెరపిన్ స్టేషన్' ఆల్బమ్ పని నడుస్తున్న కాలం అది. డ్రమ్మర్లిద్దరూ ఒద్దికగా వాయించాలని ఆయన పట్టుబట్టాడు. ఫలితం కచేరీలోనూ వినిపిస్తుంది. రెండో సెట్ (విరామం తర్వాతి భాగం) మొదట్లో 'స్కార్లెట్ బిగోనియాస్' నుంచి 'ఫైర్ ఆన్ ది మౌంటెన్'లోకి జారే చోటు ఒక్కటి చాలు. ఏ క్షణంలో పాట మారిందో వేలు పెట్టి చూపించడం కష్టం. ఆ రెండో పాటలో ఉన్నవి ముఖ్యంగా రెండే కార్డ్‌లు (కలిపి పలికించే స్వరాల గుంపులు). అంత తక్కువ సరుకుతో అంతసేపు విసుగు పుట్టించకుండా వాయించారు. చివర్లో 'మార్నింగ్ డ్యూ'లో గార్సియా గిటార్ మెల్లగా మొదలై పైకి ఎక్కే తీరు ఆ రాత్రికి శిఖరం. మొదటి సెట్ చివర డిస్కో వాసన వేసే 'డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్' మాత్రం నాకు సాగదీతగానే అనిపిస్తుంది.

రెంటినీ పక్కపక్కన పెట్టడానికి ఒక సులువైన దారి ఉంది: 'సెయింట్ స్టీఫెన్' రెండింట్లోనూ ఉంది. 1969లో అది ఆరున్నర నిమిషాల్లో పరుగు పరుగున వెళ్లి 'ది ఎలెవెన్'లో దూకుతుంది. 1977లో నింపాదిగా నడుస్తుంది, మధ్యలో 'నాట్ ఫేడ్ అవే'లోకి వెళ్లి తిరిగి వస్తుంది. మొదటి దాంట్లో పాట ఎక్కడ విరిగిపోతుందో అన్న టెన్షన్ ఉంటుంది. రెండోదాంట్లో అలాంటి భయమే లేదు. నాకు ఆ టెన్షనే ఇష్టం.

అయితే ఒక చిక్కుంది. అంత అదుపు తప్పినట్టు వినిపించే 'లైవ్/డెడ్' నిజానికి కత్తిరించి అతికించిన ఆల్బమ్. 'డార్క్ స్టార్', 'సెయింట్ స్టీఫెన్' ఫిబ్రవరి 27న ఫిల్మోర్ వెస్ట్‌లో వాయించినవి. వాటి వెనకే వచ్చే 'ది ఎలెవెన్', 'లవ్ లైట్' అంతకు నెల ముందు అవలాన్ బాల్‌రూమ్‌లోవి. వింటే ఒకే రాత్రి అనుకుంటాం. పాలిష్ పట్టినట్టుండే కార్నెల్ మాత్రం ఒకే రాత్రిది. సౌండ్ ఇంజనీర్ బెట్టీ కాంటర్ జాక్సన్ అక్కడికక్కడే రెండు ట్రాకుల మీద మిక్స్ చేసి ఎక్కించింది. గొంతో గిటారో తేడాగా కుదిరితే తర్వాత విడిగా సరిచేసుకునే వీలు లేదు. ఆ లెక్కన నిజాయితీలో కార్నెల్‌దే పైచేయి.

దాని పేరు అంతగా మోగడానికి వాయింపు ఒక్కటే కారణం కాదు. ఆమె టేపులు 1986లో గోడౌన్ వేలంలో చేతులు మారి, ఆ తర్వాత అభిమానుల మధ్య క్యాసెట్లుగా తిరిగాయి. అంత శుభ్రమైన శబ్దం ఉన్న టేపు దొరకడమే అప్పట్లో గొప్ప. 2017లో గానీ అధికారికంగా విడుదల కాలేదు. అంతకుముందే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. 1977 మే నెలలోనే అంతకన్నా బాగా వాయించిన రాత్రులున్నాయని వాదించే అభిమానులు లేకపోలేదు, ఆ వాదన తీసిపారేసేది కాదు.

కొత్తగా వినేవాళ్లకి నేను కార్నెల్ రెండో సెట్ ఇస్తాను. పాటలకి మొదలూ చివరా తెలుస్తాయి, ఎక్కడా దారి తప్పినట్టుండదు. నాకు ఒక్కటే ఉంచుకోమంటే 'లైవ్/డెడ్' ఉంచుకుంటాను, అతుకులతో సహా. కాకపోతే చివర్లో వచ్చే 'ఫీడ్‌బ్యాక్' అనే ఎనిమిది నిమిషాల గిటార్ల కీచులాటని హెడ్‌ఫోన్స్‌లో, ఎక్కువ వాల్యూమ్‌లో మాత్రం వినకండి.