ప్యాక్ గడువు మధ్యలో రేటు పెంచితే: కంపెనీలో అప్పీలా, వినియోగదారుల కమిషనా?

నెట్, టీవీ కలిపి ఏడాది డబ్బు ముందే కట్టించుకుని మధ్యలో రేటు పెంచితే ఊరుకోవద్దు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ముందే కట్టిన బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌కు గడువు తీరేదాకా టారిఫ్ పెంచకూడదు. నెలనెలా కట్టేవారికైనా చేరిన 6 నెలల దాకా రక్షణ ఉంది.

ఖర్చు: కాల్ సెంటర్‌లో ఫిర్యాదు తేలకపోతే కంపెనీలోనే పైవాళ్లకు చేసుకునే అప్పీల్‌కు పైసా అక్కర్లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి కమిషన్‌లోనూ ఫీజు లేదు.

శ్రమ: అప్పీల్‌కు ఫోన్ చాలు. కానీ ముందు ఫిర్యాదు చేసినప్పుడు కాల్ సెంటర్‌లో "సరే సార్, చూస్తాం" అనగానే పెట్టేయకండి, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) అడిగి రాసుకోండి. అది లేకుంటే అప్పీల్ ముందుకు సాగదు. కమిషన్‌కైతే ప్యాక్ రసీదు, పాత బిల్లు, కొత్త బిల్లు, రేటు పెంచామన్న మెసేజ్, అన్నీ జిరాక్స్ తీసి పెట్టాలి. వకీలు లేకున్నా మీరే వాదించుకోవచ్చు.

సమయం: అప్పీల్ 39 రోజుల్లో తేల్చాలి. కమిషన్‌లో నెలలు పడుతుంది.

రిస్క్: అప్పీల్ తేల్చేది కంపెనీ మనుషులే, నష్టపరిహారం మీద ఆశ పెట్టుకోకండి. కమిషన్ పరిహారం ఇప్పించగలదు.

తేడా వంద, రెండు వందలైతే అప్పీలే మేలు. ఏడాది సొమ్ము ఇరుక్కుని, కనెక్షన్ కూడా కోసేస్తే, మీరుండే ఊరి వైపు నుంచే కమిషన్‌కు వెళ్లండి. రెండేళ్ల లోపు వేయాలి.