కాకపూ కుక్కపిల్లని ఎవరి దగ్గర కొన్నాం, ఎందుకు అక్కడే కొన్నాం

ముందే చెప్పేస్తా, ఈ బ్రీడర్ (కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మే మనిషి) పేరు ఇక్కడ రాయట్లేదు. ఆవిడ ఎక్కడా ప్రకటనలు ఇవ్వదు, వెయిటింగ్ లిస్ట్ ఇప్పటికే నిండిపోయింది, దయచేసి తన పేరు నెట్‌లో పెట్టొద్దని అడిగింది. అయినా రివ్యూ రాస్తున్నా, ఎందుకంటే ఇంగ్లండ్‌లో మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు "కాకపూ ఎక్కడ దొరుకుతుంది, ఎంత అవుతుంది" అని అడుగుతూనే ఉంటారు, వచ్చే జవాబులన్నీ రేటు గురించి, రంగు గురించి, ఎన్ని రోజుల్లో ఇంటికి తెచ్చుకోవచ్చన్న దాని గురించే. పిల్లని పుట్టించే మనిషి ఎలాంటివాళ్ళు అని అడిగేవాళ్ళు కనపడరు. నా దృష్టిలో అసలు చూడాల్సింది అదే.

కాకపూ అంటే కాకర్ స్పానియల్‌కీ పూడుల్‌కీ పుట్టిన కుక్క. జాతి కుక్క కాదు, క్రాస్. అందుకే జాతి కుక్కల్ని నమోదు చేసే సంస్థ కెనెల్ క్లబ్ దీనికి వంశవృక్షం కాగితం ఇవ్వదు. జాతి లాబ్రడార్ గానీ బీగిల్ గానీ కొంటే కనీసం రిజిస్ట్రేషన్ ఉందా అని అడగొచ్చు, క్రాస్‌కి ఆ దారి లేదు. ఇంట్లో ఒక కాకర్, పక్కవీధిలో ఒక పూడుల్ ఉంటే చాలు, ఎవరైనా పిల్లల్ని పుట్టించి అమ్మేయొచ్చు. లాక్‌డౌన్ టైమ్‌లో ఈ కుక్కలకి గిరాకీ విపరీతంగా పెరిగినప్పుడు జరిగింది అదే. పిల్లకి కాగితం రాదు కాబట్టి తల్లిదండ్రుల కాగితాలే మనకి దిక్కు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మంచి బ్రీడర్ ఎవరో, కానివాళ్ళు ఎవరో చాలావరకు తేలిపోతుంది.

"క్రాస్ కదండీ, జబ్బులు రావు" అనే మాట దాదాపు ప్రతి అమ్మకందారూ అంటాడు. అది పూర్తిగా నిజం కాదు. పీఆర్‌సీడీ-పీఆర్ఏ అని ఒక కంటి జబ్బు ఉంది, రెటీనా మెల్లమెల్లగా పాడై కుక్కకి చూపు పోతుంది. ఇది కాకర్లలోనూ ఉంది, పూడుల్స్‌లోనూ ఉంది. ఆ లోపం ఉన్న జన్యువు ఒక్కటే ఉన్న కుక్కకి ఏమీ కాదు, బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అలాంటి కాకర్‌నీ అలాంటి పూడుల్‌నీ కలిపితే మాత్రం పుట్టే ఒక్కో పిల్లకీ నూటికి 25 పాళ్ళు ఆ జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. రెండు వేర్వేరు జాతులు కలిసినంత మాత్రాన ఈ ప్రమాదం తప్పిపోదు. 2024లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళు కాకపూ, కావపూ (కావలియర్, పూడుల్ క్రాస్), లాబ్రడూడుల్ (లాబ్రడార్, పూడుల్ క్రాస్)ల ఆరోగ్యాన్ని వాటి మూల జాతులతో పోల్చి చూశారు. 57 మామూలు జబ్బుల మీద చేసిన పోలికల్లో చాలావాటిలో తేడా ఏమీ కనపడలేదు. అంటే క్రాస్ కుక్క మరీ రోగిష్టిదీ కాదు, దానికి ప్రత్యేకమైన రక్షా లేదు. తల్లీ తండ్రీ ఎలాంటివో పిల్లా అలాంటిదే. డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే ముందే తెలిసిపోయే విషయానికి పిల్ల కళ్ళు పోగొట్టడం నాకైతే క్షమించరాని పనిగా అనిపిస్తుంది.

ఇక ఈ బ్రీడర్ సంగతి. మేం ఉండేది మిల్టన్ కీన్స్‌లో, ఆవిడ ఉండేది వేల్స్ సరిహద్దు వైపు ఒక పల్లెలో. మొదటి ఈమెయిల్‌లోనే నేను అడగకముందే తల్లిదండ్రుల రిజిస్టర్డ్ పేర్లు పంపింది. తల్లి వర్కింగ్ కాకర్, అంటే వేట పనికి పెంచే రకం, తండ్రి మినియేచర్ పూడుల్, అంటే చిన్న రకం. పిల్లలు క్రాసే అయినా తల్లీ తండ్రీ జాతి కుక్కలే కదా, ఆ పేర్లు కెనెల్ క్లబ్ వెబ్‌సైట్‌లో హెల్త్ టెస్ట్ ఫలితాలు వెతికే చోట కొడితే ఫలితాలు కనపడతాయి. కొట్టి చూశాం. ఇద్దరికీ పీఆర్ఏ క్లియర్, కళ్ళ పరీక్ష జరిగింది, తల్లికి తుంటి కీళ్ళ స్కోరు కూడా ఉంది. ఆ స్కోరు ఒక్కో తుంటికి 0 నుంచి 53 వరకు ఇస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. తల్లికి రెండూ కలిపి 9. ఒక అమ్మకందారు చెప్పిన మాటని అతని మీద ఆధారపడకుండా మనమే సరిచూసుకోగలగడం ఎంత ధైర్యాన్నిస్తుందో చెప్పలేను.

ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి, మావి కాదు, ఆవిడవి. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఎన్ని గంటలు ఒంటరిగా వదులుతారు, గార్డెన్‌కి కంచె ఉందా, పాప వయసెంత. మీరు ఇండియా వెళ్తే నెల రోజులు కుక్కని ఎవరు చూస్తారు అని కూడా అడిగింది. మన వాళ్ళలో కుక్కని కొనేముందు ఈ ప్రశ్న వేసుకునేవాళ్ళు ఎంతమంది? మా పాపకి చర్మం ఎలర్జీ ఉందని చెప్తే, కాకపూకి వెంట్రుకలు తక్కువ రాలతాయి కానీ ఎలర్జీ తెచ్చేది వెంట్రుక ఒక్కటే కాదు, లాలాజలమూ చర్మం పొట్టూ కూడా, ఎలర్జీ రానే రాని కుక్క అంటూ ఉండదు, ముందు పాపని తీసుకొచ్చి నా పెద్ద కుక్కలతో రెండు మూడు సార్లు కాసేపు ఆడించండి, ఒంటి మీద ఏమీ రాకపోతే అప్పుడు మాట్లాడదాం అంది. అమ్మకం పోతుందేమోనని భయపడే మనిషి ఈ మాట అనదు. వేరే చోట్ల నేను అడిగిన వాళ్ళందరూ "ఏం ఫర్వాలేదు, హైపోఎలర్జెనిక్" అని ఒకే ముక్కలో తేల్చేశారు.

వెళ్ళాం, పాపకి ఏమీ కాలేదు, లిస్ట్‌లో పేరు రాసుకుంది. అప్పటికి పిల్లలు పుట్టనే లేదు కాబట్టి డిపాజిట్ తీసుకోలేదు.

పిల్లలు పుట్టాక వెళ్ళినప్పుడు అవి వంటింట్లో, తల్లి పక్కనే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి లూసీ చట్టం అమల్లో ఉంది, ఆరు నెలల లోపు కుక్కపిల్లల్ని మధ్యలో దళారులు వ్యాపారంగా అమ్మకూడదు, పెంచినవాళ్ళ దగ్గరే, తల్లితో పాటు చూసి కొనాలి. వేల్స్‌లో ఒక పప్పీ ఫామ్ (డబ్బు కోసమే కుక్కపిల్లల్ని విపరీతంగా పుట్టించే చోటు) నుంచి కాపాడిన కావలియర్ జాతి కుక్క పేరు లూసీ, చట్టానికి దాని పేరే పెట్టారు, ఈతల మీద ఈతలు పెట్టించి దాని ఒళ్ళు హూనం చేశారు. చట్టం మంచిదే కానీ, వేరే ఏదో ఆడకుక్కని తెచ్చి ఇదే తల్లి అని చూపించే మోసగాళ్ళు ఉన్నారు. అందుకే తల్లి పొదుగు చూడాలి, పిల్లలు దాని దగ్గరికి పాలకోసం పరిగెత్తుతున్నాయా, అది వాటిని నాకుతోందా, మనల్ని చూసి బెదిరిపోతోందా అని చూడాలి. ఇక్కడి తల్లి మా ఒళ్ళోకి తలపెట్టి, మళ్ళీ వెళ్ళి పిల్లల మధ్య పడుకుంది. ఆవిడకి కౌన్సిల్ లైసెన్స్ ఉంది, గోడకి తగిలించి ఉంది. ఏడాదిలో మూడు లేదా అంతకంటే ఎక్కువ ఈతలు పెట్టించి అమ్మేవాళ్ళకీ, వ్యాపారంగా చేసేవాళ్ళకీ ఇది తప్పనిసరి. చట్ట ప్రకారం లైసెన్స్ ఉన్నవాళ్ళు ఒక కుక్కతో మొత్తం ఆరు ఈతల దాకా పెట్టించొచ్చు, ఆవిడ మాత్రం మూడుతో ఆపేసి ఆ కుక్కని తన దగ్గరే ఉంచుకుంటుంది. ముసలి కుక్కలు రెండు సోఫా మీద నిద్రపోతుంటే చూశాం.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. మీ ఇంట్లో రోజూ వినపడే శబ్దాలేంటి అని అడిగింది. ప్రెషర్ కుక్కర్ విజిల్, మిక్సీ, పొద్దున్నే పూజ గంట అని చెప్పాం. రికార్డ్ చేసి పంపమంది. వాక్యూమ్ క్లీనర్, డోర్‌బెల్ శబ్దాలతో పాటు ఇవి కూడా పిల్లలకి రోజూ చిన్నగా వినిపించిందట. మా కుక్కపిల్ల ఇంటికొచ్చాక కుక్కర్ విజిల్‌కి ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఏడాదికి పైనే ఆగాల్సి వచ్చింది. రంగు మనం ఎంచుకోవడం కుదరదు, ఏ పిల్ల ఎవరికి సరిపోతుందో ఏడో వారంలో ఆవిడే చెప్తుంది. పాప లేత గోధుమ రంగు కావాలంది, వచ్చింది నల్లది, ఇప్పుడు దాని పేరు కాటుక. ధర 1,400 పౌండ్లు, బేరం లేదు. మాట కాస్త కటువు, ఫోన్ ఎత్తదు, ఈమెయిల్‌కి జవాబు రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. తొందరలో ఉన్నవాళ్ళకి ఇది నచ్చదు. అసలు తొందరలో ఉన్నప్పుడు కుక్కని కొనకూడదు.

ఈ ఎదురుచూపుల్లో వేరే చోట్లా కనుక్కున్నాం. ఒకాయన మోటార్‌వే సర్వీసెస్‌లో, అంటే హైవే పక్కన బండి ఆపుకునే చోట కలుద్దాం, పిల్లని అక్కడికే తెస్తానన్నాడు, వద్దన్నాం. ఇంకో చోట మెర్ల్ రంగు, అంటే మచ్చల బూడిద రంగు పిల్లలకి రేటు ఎక్కువ చెప్పారు. ఆ రంగున్న రెండు కుక్కల్ని కలిపితే చెవుడుతో, గుడ్డితనంతో పిల్లలు పుట్టే ప్రమాదం ఉంది, కాబట్టి రంగునే గొప్పగా అమ్ముకునేవాళ్ళ దగ్గర ఆగకండి. మరొకరు వెట్ చెక్ (పశువైద్యుడి పరీక్ష) అయింది అన్నారు. వెట్ చెక్ వేరు, తల్లిదండ్రుల డీఎన్ఏ టెస్ట్ వేరు. వెట్ పిల్ల గుండె విని, పళ్ళు చూసి, ఒళ్ళు తడిమి పంపిస్తాడు, పెద్దయ్యాక చూపు పోతుందో లేదో ఆ చెక్‌లో తెలియదు.

ఎనిమిది వారాలు నిండాక తెచ్చుకున్నాం. మైక్రోచిప్ ఆవిడ పేరు మీద ముందే వేయించి ఉంది, ఆవిడ ముందే మా పేరుకి మార్పించింది. మొదటి టీకా, నులిపురుగుల మందు వివరాలు, అది తినే తిండి ఒక సంచి, తల్లి వాసన ఉన్న గుడ్డ ముక్క ఇచ్చింది. ఆర్ఎస్‌పీసీఏ, యానిమల్ వెల్ఫేర్ ఫౌండేషన్ అనే రెండు జంతు సంక్షేమ సంస్థలు కలిసి తయారుచేసిన పప్పీ కాంట్రాక్ట్ (కుక్కపిల్ల కొనుగోలు ఒప్పందం) మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. దానికి ఆవిడ సొంతంగా ఒక షరతు చేర్చింది, కుక్క బతికున్నంత కాలం ఏ కారణంతోనైనా ఉంచుకోలేకపోతే వేరేవాళ్ళకి ఇవ్వకుండా తనకే తిరిగి ఇవ్వాలి. పెట్టకూడని తిండి జాబితా కూడా ఇచ్చింది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్. మన వంటిల్లు చూస్తే మొదటి రెండూ లేని కూర ఏది? అందుకే ఊరి నుంచి వచ్చిన అమ్మకి అదే మొదట చెప్పాం, పప్పన్నం ముద్ద కలిపి పెట్టడం ఆవిడకి అలవాటు మరి. ఇప్పుడు పప్పు కలపకముందే ఉత్త అన్నం కొంచెం పక్కకి తీసి పెడుతోంది.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు మాల్టిపూ (మాల్టీస్, పూడుల్ క్రాస్) కొంటానంటే ఇవే ప్రశ్నలు రాసి పంపాను. అక్కడా 2017 నుంచి కేంద్రం నిబంధనలు ఉన్నాయి, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి, ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. వాడు మొదట వెళ్ళిన చోట నమోదు నంబర్ అడిగితే మాట మార్చారట, తల్లిని చూపించమంటే ఊళ్ళో ఉందన్నారట. వాడు వెనక్కి వచ్చేశాడు, ఇంకా వెతుకుతున్నాడు.

కాటుకకి ఇప్పుడు తొమ్మిది నెలలు. ఆవిడ మూడు నెలలకోసారి ఫోటో పంపమంటుంది, బరువు అడుగుతుంది, చెవుల లోపల వెంట్రుకలు తడి లేకుండా చూసుకుంటున్నారా అని గుర్తుచేస్తుంది. గ్రూమింగ్ ఆరేడు వారాలకోసారి చేయించాలి, ఆ ఖర్చు కొనేముందే లెక్కలో వేసుకోండి. నా రేటింగ్ ఐదుకి ఐదు. మీరు వేరే బ్రీడర్‌కి రాసేటప్పుడు మొదటి మెయిల్‌లోనే తల్లిదండ్రుల రిజిస్టర్డ్ పేర్లు అడగండి. ఇవ్వనన్నా, అవసరం లేదన్నా రెండో మెయిల్ రాయకండి.