పాలమూరు నుంచి బెంగళూరుకు: విమానమా, వందే భారతా, రాత్రి బస్సా?

మా చిన్నోడు బెంగళూరులో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒకటే పాట: "గంటంబావు ఫ్లైట్ నాన్నా, ఇంకా రైలెందుకు?" వాని లెక్క శంషాబాద్‌లో మొదలై, బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉండే దేవనహళ్లిలో అయిపోతుంది. నా లెక్క మాత్రం మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో ఇంటికి తాళం వేసినప్పుడు మొదలవుతుంది.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య గీత గీస్తే సుమారు 450 కిలోమీటర్లు. గాల్లో ఉండేది గంటలోపే. రన్‌వే దాకా మెల్లగా పోవడం, దిగాక నిలబడడం అన్నీ కలిపి టికెట్ మీద గంటంబావు వేస్తారు. ఇంతవరకు వాడు చెప్పింది నిజమే.

కానీ బెంగళూరు దక్షిణాన ఉంటే, విమానం కోసం మనం ఉత్తరాన 80 కిలోమీటర్లు పోవాలి. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు! ఆ ఎక్కిన విమానం మళ్లీ మన ఉమ్మడి జిల్లా మీదుగానే పోతుంది. హైదరాబాద్ బస్సు శంషాబాద్ ఊళ్లో దించుతుంది, అక్కడి నుంచి ఇంకో బండి. ఇదంతా రెండు గంటలు. ముందుగా చేరాల్సింది ఇంకో రెండు. ఫ్లైట్ గంటంబావు, సామాన్ల కోసం అరగంట, దేవనహళ్లి నుంచి ఊళ్లోకి గంటన్నర. మొత్తం ఏడుంబావు. పైగా మామిడికాయ తొక్కు సీసా చేతి సంచిలో పెట్టుకుంటే చెకింగ్ దగ్గర ఆపుతారు, దాన్ని లగేజీలో వేయాల్సిందే.

వందే భారత్ 2023 సెప్టెంబరులో మొదలైంది, కాచిగూడ నుంచి బెంగళూరులోని యశ్వంతపూర్‌కు. పొద్దున మహబూబ్‌నగర్‌లో ఎక్కితే యశ్వంతపూర్‌కు అటూ ఇటుగా ఏడు గంటల ప్రయాణం. స్టేషన్ పక్కనే మెట్రో. వనపర్తి రోడ్డు స్టేషన్ దాటాక కృష్ణ, కర్నూలు ముందు తుంగభద్ర, వానాకాలమైతే కిటికీ వదలబుద్ధి కాదు. తొక్కు సీసా కాళ్ల దగ్గరే ఉంటుంది, ఎవరూ అడగరు. వారానికి ఒకరోజు నడవదు, అది చూసుకోవాలి.

రాత్రి బస్సు జడ్చర్లలో ఎక్కితే కొంచెం అటూ ఇటూగా ఎనిమిది గంటల ప్రయాణం. రెండు ఎయిర్‌పోర్టులూ 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే కాబట్టి, తెల్లారేసరికి బస్సు దేవనహళ్లి ముందు నుంచే పోతుంది. ఒక పగలు మిగులుతుంది గానీ, నా నడుముకు ఆ పడక పడదు.

అందుకే బెంగళూరుకు నాది రైలే. అదే ఢిల్లీ అయితే మారుమాట లేదు, విమానమే: రెండు గంటల పైచిలుకు ఎక్కడ, రైల్లో ఒక పగలూ రాత్రీ ఎక్కడ!

షాద్‌నగర్‌లో ఉండే మా బావమరిదికి ఈ లెక్కంతా చెప్తే నవ్విండు. నవ్వడా మరి, బండి తీస్తే ముప్పావుగంటలో ఎయిర్‌పోర్టులో ఉంటడు.