బెంగళూరులో ఎంబీఏ కన్సల్టెన్సీకి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

కోరమంగళలో ఉన్న ఒక ఎంబీఏ అడ్మిషన్ల కన్సల్టెన్సీకి మా తమ్ముడు లక్షా ఎనభై వేలు కట్టాడు. జీఎస్టీ అదనం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటి పద్ధతి మీకు ఎక్కడ ఎదురైనా సరే, డబ్బు పంపకుండా ఆగండి.

వాడిది వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాలుగేళ్ల అనుభవం. ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో 655 వచ్చింది. హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ, ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్, అమెరికాలో రెండు మూడు బిజినెస్ స్కూళ్లు అనుకున్నాడు. అక్కడి కౌన్సెలర్ తెలుగాయన. "మాదీ గుంటూరు జిల్లానే తమ్ముడూ, మనవాళ్లని నేను దగ్గరుండి చూసుకుంటా" అన్నాడట. పరాయి ఊళ్లో ఆ మాటకి ఎంత విలువ ఇస్తామో ఇక్కడున్న మనందరికీ తెలుసు. వాళ్లకీ తెలుసు.

ముందు ప్రొఫైల్ ఇవాల్యుయేషన్ అని ఒక రిపోర్టు ఇచ్చారు. పదికి ఎనిమిదిన్నర వేశారు, ఎందుకు వేశారో ఒక్క వాక్యం కూడా లేదు. ఒక పేజీలో ఎవరో అమ్మాయి పేరు అలాగే ఉండిపోయింది. వీటన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది జీమ్యాట్ గురించి రాసిన ముక్క: స్కోరు 700 దాటలేదు, 730 టార్గెట్ పెట్టుకోవాలి, అందుకు మా కోచింగ్‌లో చేరండి అని. ఈ 700, 730 లెక్కలు పాత జీమ్యాట్‌వి. 2024 ఫిబ్రవరి నుంచి పాత జీమ్యాట్ లేనే లేదు. ఇప్పుడున్న పరీక్షలో స్కోర్లు 205 నుంచి 805 వరకు ఉంటాయి, ప్రతి స్కోరూ 5తోనే ముగుస్తుంది. 730 ఎవరికీ రాదు. పరీక్ష పెట్టే జీమ్యాక్ పోలిక పట్టిక ప్రకారం కొత్త 645 పాత 700కి సమానం. అంటే మావాడి 655 మంచి స్కోరు. ప్యాకేజీ అంటగట్టడానికి ప్రొఫైల్ బాగుందన్నారు, కోచింగ్ అంటగట్టడానికి స్కోరు బాగాలేదన్నారు.

అసలు ప్రమాదం తర్వాత మొదలైంది. అప్లికేషన్‌లో మన గురించి మనమే రాయాల్సిన ఎస్సేలు వాళ్లే రాసి పంపారు. అందులో మావాడు అనంతపురం రైతుల కోసం యాప్ తయారుచేశాడు, వాళ్ల ఆదాయం రెట్టింపయింది. వాడు జన్మలో అలాంటి పని చేయలేదు. అదేంటని అడిగితే "అందరూ ఇలాగే పెడతారు బ్రో, చదివేవాళ్లకి సోషల్ ఇంపాక్ట్ కావాలి" అన్నారు. మేనేజర్ మన గురించి స్కూలుకి రాయాల్సిన రికమండేషన్ లెటర్ల దగ్గర ఇంకా ఘోరం. మేనేజర్ పేరుతో ఒక మెయిల్ ఐడీ తెరిచి లెటర్ తామే సబ్మిట్ చేస్తామన్నారు. తమ్ముడు కుదరదని అక్కడే ఆపేశాడు.

పెద్ద స్కూళ్లు చాలావరకు సీటు ఇచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. ఉద్యోగం, జీతం, రికమండేషన్ ఇచ్చిన మనిషి, అన్నీ ఆరా తీస్తారు. అబద్ధం బయటపడితే సీటు పోతుంది. అప్పటికి ఉద్యోగానికి రాజీనామా చేసి, లోన్ తీసుకుని ఉంటారు. అప్లికేషన్‌లో "ఇదంతా నిజం" అని ఒప్పుకున్నది మీరు, కన్సల్టెంట్ కాదు. వాళ్లకి మాత్రం ఏమీ కాదు.

"ఒక్క అడ్మిట్ అయినా గ్యారంటీ, లేకపోతే డబ్బు వాపస్" అన్న మాట కూడా నమ్మకండి. మావాడి అగ్రిమెంట్‌లో స్కూళ్ల జాబితా ఖరారు చేసే హక్కు వాళ్లది. అడిగినవాళ్లందరికీ సీటిచ్చే కాలేజీ ఒకటి అందులో పెడితే గ్యారంటీ నెరవేరినట్టే. కొన్ని విదేశీ యూనివర్సిటీలు విద్యార్థిని చేర్పించిన ఏజెంటుకి కమిషన్ ఇస్తాయి, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లాంటివి ఇవ్వవు. మీ జాబితాలో మీరు అడగని కాలేజీ కనిపిస్తే అక్కడినుంచి కమిషన్ వస్తుందా అని నేరుగా అడగండి. స్టాన్‌ఫర్డ్ ఎంబీఏకి అప్లై చేసిన నూరు మందిలో సీటు దొరికేది ఆరేడుగురికే. అలాంటిచోట గ్యారంటీ ఎవరిస్తారు?

కన్సల్టెంట్లందరూ ఇంతే అనను. నిజంగా ప్రొఫైల్ చూసేవాళ్లు మార్కులు వేసేముందు ప్రశ్నలు వేస్తారు. ఇంజనీరింగ్ చదివి ఐటీలో పనిచేసే మన అబ్బాయిలు వేలల్లో అప్లై చేస్తారు, వాళ్లలో నువ్వు ఎందుకు వేరు? టీమ్‌లో నువ్వు లేకపోతే ఆగిపోయే పని ఏది? ఎంబీఏ ఇప్పుడే ఎందుకు? డిగ్రీలో మార్కులు తగ్గితే దాన్ని దేనితో పూడుస్తావు? ఈ రౌండ్‌లో (అప్లికేషన్లు తీసుకునే ఈ విడతలో) వద్దు, ఇంకో ఏడాది పనిచేసి రా అని చెప్పే ధైర్యం కూడా ఉంటుంది వాళ్లకి.

తమ్ముడి ఆఫీసులో ఐఎస్‌బీలో చదివొచ్చిన ఒకావిడ ఇవే ప్రశ్నలు వేసింది, పైసా తీసుకోకుండా. అప్పుడు బయటపడింది, కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్ వాడే డిజైన్ చేశాడని, ఆ పద్ధతిని ఇప్పుడు వేరే టీములూ వాడుతున్నాయని. కన్సల్టెన్సీలో ఎవరూ ఇది అడగనేలేదు. ఇప్పుడు దాని మీదే సొంతంగా రాస్తున్నాడు. చేసిన పనులు ఒక పేజీలో రాసి మేనేజర్‌కి ఇచ్చాడు, లెటర్ ఆయనే రాస్తానన్నారు. స్కూళ్ల సైట్లలో క్లాస్ ప్రొఫైల్, అంటే సీటు వచ్చి చేరినవాళ్ల స్కోర్లు, అనుభవం లాంటి వివరాలు, ఉచితంగా ఉంటుంది, మీ స్కోరూ అనుభవమూ ఎక్కడ నిలుస్తాయో మీరే చూసుకోవచ్చు. జీమ్యాట్ అఫీషియల్ ప్రాక్టీస్ టెస్టులు కూడా రెండు ఉచితమే.

"సర్వీస్ మొదలైంది కాబట్టి రిఫండ్ లేదు" అని మాకు మెయిల్ పెట్టారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే రసీదు, అగ్రిమెంట్, వాళ్లు రాసి పంపిన ఎస్సేలు, వాట్సాప్ మెసేజీలు ఏవీ డిలీట్ చేయకండి. మేనేజర్ పేరుతో మెయిల్ ఐడీ తెరుస్తామన్న మెసేజ్ ఉంటే ముందు దాని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.