కోల గోరా, చదరపు గోరా?

బరంపురంలోని మన తెలుగు ఇళ్లలో, ముఖ్యంగా పట్టుమగ్గం ముందు కూర్చునేవారికి, గోటి ఆకృతి కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. చదరంగా దిద్దిన గోటి మూల పట్టుపోగుకు ఇట్టే తగులుకుంటుంది. సన్నని, పొడవైన వేళ్లకు చదరపు అంచు నిండుదనం ఇచ్చే మాట నిజమే కాని, పొట్టి వేళ్లను అది మరింత పొట్టిగా చూపుతుంది. కోలగా దిద్దిన గోరు అదే వేలిని సాగినట్లు చూపుతుంది. అయితే ఆ కోల ఆకృతి కోసం పక్కలను లోతుగా అరగదీస్తే, గోరు బలహీనపడి అక్కడే చిట్లుతుంది. మగ్గం పని ఉన్నవారు పక్కలను నిటారుగానే ఉంచి, మూలలను మాత్రం గుండ్రంగా మలచుకోవడం మేలని నా అభిప్రాయం. ఆకృతి ఏదైనా, స్నానం కాగానే కాక గోళ్లు పూర్తిగా ఆరాక, 180 నుంచి 240 గ్రిట్ (గరుకుదనపు కొలత) గల నెయిల్ ఫైల్‌తో, పక్క నుంచి మధ్యకు ఒకే దిశలో రుద్దాలి.