ట్రాంబోన్, యుఫోనియం, సూసాఫోన్ కొత్తగా పట్టేవాళ్లు ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు

కర్నూలు, అనంతపురం, కడప బ్యాండుసెట్లలో అందరి చూపూ ట్రంపెట్ మీద, క్లారినెట్ మీద ఉంటుంది. కింది స్వరం పట్టేది మాత్రం ట్రాంబోన్, యుఫోనియం, సూసాఫోన్, ట్యూబా అనే ఇత్తడి వాయిద్యాలు. అది లేకపోతే మేళం డొల్లగా వినిపిస్తుంది. అయినా ఈ వాయిద్యాలు కొత్తగా పట్టినవాళ్ల చేతికి సాధారణంగా వచ్చేది ఎవరో వాడి వదిలేసిన పాత వాయిద్యం, దాంతోపాటు ఏ వాయిద్యానిదో తెలియని మౌత్‌పీస్. నెల తిరక్కముందే పిస్టన్ (వేలితో నొక్కే వాల్వ్‌లో పైకీ కిందికీ ఆడే ముక్క) బిగుసుకుంటుంది, స్వరం నిలవదు, పక్కవాళ్లు "వీడికి దమ్ము చాలదప్పా" అని తేల్చేస్తారు. చాలాసార్లు లోపం దమ్ములో ఉండదు, సామాన్లలో ఉంటుంది. అందుకే ఒక్కో సామాను మీద మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం.

ముందు రెడీమేడ్ కిట్ల సంగతి. ఆన్‌లైన్‌లో "బ్రాస్ కేర్ కిట్" అని వెతికితే కనిపించే డబ్బాల్లో సాధారణంగా వాల్వ్ ఆయిల్, స్లైడ్ గ్రీజు, మౌత్‌పీస్ బ్రష్, పొడవాటి స్నేక్ బ్రష్, వాల్వ్ కేసింగ్ (పిస్టన్ ఆడే గొట్టం) బ్రష్, ఒక గుడ్డ ఉంటాయి. చూడటానికి అన్నీ ఉన్నట్టే ఉంటుంది. చిక్కేమిటంటే వీటిలో చాలావరకు ట్రంపెట్ కొలతకు చేసినవి. ఆ కేసింగ్ బ్రష్ యుఫోనియం వాల్వ్‌లో వదులుగా తిరుగుతుంది, గోడకు అంటదు. స్నేక్ బ్రష్ తల ట్యూబా గొట్టంలో ఏ మూలకూ తగలదు. ట్రాంబోన్‌కైతే అందులోని వాల్వ్ ఆయిల్‌తో పనే లేదు, దానికి కావలసిన స్లైడ్ క్రీమ్ (ముందుకూ వెనక్కూ లాగే గొట్టానికి పూసేది) ఆ డబ్బాలో ఉండదు. పెట్టె మీద మీ వాయిద్యం పేరు స్పష్టంగా ఉంటేనే కిట్ తీసుకోండి. లేదంటే విడివిడిగా కొనుక్కోవడమే మేలు, ఖర్చూ పెద్దగా పెరగదు.

చేతిలో ఉన్న డబ్బులో పెద్దవాటా మౌత్‌పీస్‌కే పెట్టండి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మౌత్‌పీస్ కింది కాడను షాంక్ అంటారు. ట్రాంబోన్, యుఫోనియంలలో చిన్న షాంక్, పెద్ద షాంక్ అని రెండు ప్రధాన కొలతలున్నాయి. కొన్ని పాత యూరప్ యుఫోనియంలకు ఈ రెంటికీ మధ్య కొలత ఒకటి ఉంది. యమహా వైఎస్ఎల్-354 లాంటి 12.7 మిల్లీమీటర్ల బోర్ (గొట్టం లోపలి వెడల్పు) ట్రాంబోన్లకు చిన్న షాంక్, 13.9 మిల్లీమీటర్ల బోర్ ఉన్నవాటికి పెద్ద షాంక్ పడుతుంది. యుఫోనియంలలో యమహా వైఈపీ-321కి చిన్నది, వైఈపీ-642కి పెద్దది. పెద్ద గొట్టంలో చిన్న షాంక్ పెడితే లోపలికంటా దిగిపోయి కదులుతుంది, శ్రుతి చెడుతుంది, పై స్వరాలు జారిపోతాయి. చిన్న గొట్టంలోకి పెద్ద షాంక్ దిగనే దిగదు. దిగట్లేదని అరచేత్తో కొట్టి ఎక్కిస్తే అక్కడే బిగుసుకుపోతుంది.

మీరట్‌లో తయారైన వాయిద్యాలు మన జిల్లాల్లోనూ చాలా ఉన్నాయి. వాటికి ఏ షాంక్ పడుతుందో పేరు చూసి చెప్పలేం, పెట్టి చూడాల్సిందే. మౌత్‌పీస్‌ను నెమ్మదిగా పెట్టి కొద్దిగా తిప్పండి. సుమారు ముప్పాతిక నుంచి ఒక అంగుళం వరకు దిగి నిలబడాలి. తర్వాత అంచు పట్టుకుని పక్కలకు ఊపండి. వెంట్రుకవాసి కదిలినా అది మీ వాయిద్యానిది కాదు. ఊరి బయటినుంచి తెప్పించుకునేటట్టయితే ఒక సన్నని కాగితం పట్టీని గొట్టం నోట్లోకి చుట్టగా పెట్టి, గోడకు అంటేలా వదులు చేసి, ఆ చుట్ట వెడల్పును వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి దుకాణానికి చెప్పండి.

మౌత్‌పీస్‌లో పెదవులు ఆనే కప్పు కొలతకు వస్తే, ట్రాంబోన్ మొదలుపెట్టేవాళ్లకు బాక్ కంపెనీ 12సి (కప్పు వెడల్పు 24.5 మిల్లీమీటర్లు) చాలాకాలంగా వాడుకలో ఉంది. మా మాట అడిగితే కొంచెం పెద్దదైన 6½ ఏఎల్ (25.4 మిల్లీమీటర్లు) మేలు. పెదవికి ఆడేందుకు చోటుంటుంది, కింది స్వరాలు నిండుగా పలుకుతాయి. యుఫోనియంకూ ఇదే సరిపోతుంది, షాంక్ కొలత ఒక్కటి చూసుకోవాలి. ట్యూబా, సూసాఫోన్‌లకు బాక్ 24 ఏడబ్ల్యూ, 18 ఎక్కువగా కనిపిస్తాయి. బాక్ లెక్కలో అంకె తగ్గేకొద్దీ కప్పు పెద్దదవుతుంది, ఇది గుర్తుంచుకోండి. 24 ఏడబ్ల్యూ 31.25 మిల్లీమీటర్లు, 18 అయితే 32.5. చిన్న వయసు పిల్లలకు మొదటిది, పెద్దవాళ్లకు రెండోది. అంచున మెరుగుపూత లేచి ఇత్తడి బయటపడిన పాత మౌత్‌పీస్ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. కొందరికి పెదవి మీద దద్దుర్లు వస్తాయి.

మౌత్‌పీస్ బిగుసుకుపోతే పట్టకారు ఎత్తకండి. పట్టుకుని మెలితిప్పితే మౌత్‌పీస్‌కన్నా ముందు లీడ్‌పైప్ (మౌత్‌పీస్ దిగే గొట్టం) టంకం ఊడుతుంది. దానికయ్యే రిపేరు ఖర్చుతో ఇంకో మౌత్‌పీస్ వస్తుంది. గుడ్డలో మంచుముక్కలు చుట్టి షాంక్ చుట్టూ కాసేపు ఉంచి, రెండు చేతులతో నిదానంగా తిప్పి చూడండి. రాకపోతే మౌత్‌పీస్ పుల్లర్ అనే చిన్న పనిముట్టు ఉంది. బ్యాండుసెట్టుకు ఒకటి ఉంటే చాలు, మనిషికొకటి అక్కర్లేదు.

ఇక నూనె. కొబ్బరినూనె వాడొద్దు. ఇంట్లో సీసా అందుబాటులో ఉంటుందని చాలామంది పిస్టన్‌కు అదే పూస్తారు, ఆ పూటకు బాగానే ఆడుతుంది. కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. జనవరిలో తెల్లవారుజామున ముహూర్తానికి పెట్టె తెరిస్తే పిస్టన్ కిందికి పోయి పైకి రాదు. ఎండాకాలంలో అదే నూనె చిలుముతో కలిసి జిగురవుతుంది. కుట్టుమిషన్ నూనె ఇంతకంటే నయమేగాని చిక్కన, స్ప్రింగ్ మందకొడిగా లేస్తుంది. వాల్వ్ ఆయిల్ అని రాసి ఉన్నదే తీసుకోండి. యమహా వాల్వ్ ఆయిల్ లైట్, రెగ్యులర్, వింటేజ్ అని మూడు రకాలుగా దొరుకుతుంది. కొత్త వాయిద్యానికి లైట్ చాలు. పిస్టన్ అరిగి వదులైన పాతదానికి వింటేజ్ కొనండి, చిక్కగా ఉండి ఆ సందును మూస్తుంది. ఈ ఒక్క మార్పుతోనే పాత యుఫోనియం స్వరం గట్టిపడటం వినిపిస్తుంది. అల్ కాస్ కూడా మంచి నూనే, అయితే పల్చన. కర్నూలు మే నెల ఎండకు త్వరగా ఆరిపోతుంది, రోజూ వేసుకోగలిగితేనే తీసుకోండి.

వేసే పద్ధతి కూడా ముఖ్యం. ఒకసారికి ఒక్క పిస్టన్. పైమూత విప్పి, పిస్టన్‌ను నిలువుగా సగం దాకా లాగి, చుట్టూ మూడు నాలుగు చుక్కలు, ట్యూబాకైతే ఐదారు వేయండి. లోపలికి దింపి గైడు గాడిలో పడి టక్కుమనేదాకా తిప్పి మూత బిగించండి. ఊదితే గాలి పోకపోతే పిస్టన్ తిరగబడి కూర్చుందన్నమాట, లేదా ఒకటి స్థానంలో రెండోది పెట్టారన్నమాట. పిస్టన్ మీద 1, 2, 3 అని అంకెలు చెక్కి ఉంటాయి, చూసుకుని పెట్టండి. అడుగుమూత చిల్లిలోంచి నూనె వేసే అలవాటు మానుకోవాలి. అడుగున పేరుకున్న మట్టి అంతా పిస్టన్ మీదికి ఎక్కుతుంది.

శ్రుతి సర్దడానికి లాగే గొట్టాలకు, అంటే ట్యూనింగ్ స్లైడ్లకు, నూనె పనికిరాదు, గ్రీజు కావాలి. అసలు గ్రీజు దొరక్కపోతే వాసెలిన్ పలచగా పూసినా పని జరుగుతుంది. వాల్వ్ స్లైడును లాగేటప్పుడు దానికి చెందిన వాల్వ్ నొక్కి పట్టుకోండి, లేకపోతే లోపలి గాలి ఎదురులాగుతుంది. ఈ స్లైడ్లు కదలడం మన ఎండలకు మరీ అవసరం. శబ్దం 20 డిగ్రీల గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతే 40 డిగ్రీల్లో దాదాపు 355 మీటర్లు పోతుంది. ఎండన వాయిద్యం వేడెక్కేకొద్దీ శ్రుతి పైకి లేస్తుంది. మెయిన్ స్లైడు కొంచెం బయటికి లాగితేనే క్లారినెట్‌తో కలుస్తుంది. చిలుము పట్టి బిగుసుకున్న స్లైడుతో ఆ సర్దుబాటు కుదరదు.

ట్రాంబోన్ చేతి స్లైడు సంగతి వేరు. లోపలి గొట్టాల కొసన ఒక వేలెడు మేర కొద్దిగా లావుగా ఉంటుంది, దాన్ని స్టాకింగ్ అంటారు. క్రీమ్ అక్కడ మాత్రమే, కందిగింజంత తీసుకుని పలచగా రుద్దాలి. తర్వాత స్లైడంతటా స్ప్రే సీసాతో నీళ్లు చల్లాలి. క్రీమ్ ఎక్కువైతే స్లైడు బరువెక్కుతుంది, నీళ్లు చల్లకపోతే క్రీమ్ పని చేయదు. స్లైడ్-ఓ-మిక్స్ కంపెనీ రాపిడ్ కంఫర్ట్ ఒకే సీసాలో వస్తుంది, కొత్తవాళ్లకు ఇది సులువు. స్ప్రే సీసా ఊళ్లో ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతుంది.

ఆ సీసాలో బోరునీళ్లు పోయకండి. అనంతపురం, కడప వైపు చాలాచోట్ల బోరునీళ్లు ఎంత ఉప్పో గీజర్ కాయిల్ చూసినవాళ్లకు తెలుసు. అదే తెల్లని సున్నపు పొర స్లైడు మీదా కడుతుంది, సన్నని గరుకుకాగితంలా గీస్తుంది. తాగేందుకు తెప్పించే వాటర్ క్యాన్ నీళ్లే పోయండి. నెలకోసారి వాయిద్యం కడగాలి. పిస్టన్లు, స్లైడ్లు తీసేసి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, పావుగంట నాననిచ్చి, స్నేక్ బ్రష్ లాగండి. కడగడానికి బోరునీళ్లయినా పరవాలేదు, చివరి జాలింపు మాత్రం క్యాన్ నీళ్లతో చేయండి. నీళ్లు కాగినవైతే లాకర్ (ఇత్తడి మీది మెరుపు పూత) పొర లేచిపోతుంది. పిస్టన్ పైనున్న ఫెల్టు (మెత్తటి ఉన్ని బిళ్ల) తడవకూడదు. ట్యూబా ఏ తొట్టిలోనూ పట్టదు, దానికి సన్నని రబ్బరు పైపుతో లీడ్‌పైప్‌లోంచి నీళ్లు పోనివ్వండి.

బ్రష్‌లలో మౌత్‌పీస్ బ్రష్‌కు మా మొదటి ఓటు. ఖరీదు తక్కువ, వారానికోసారి వాడితే చాలు. టీ, కూల్‌డ్రింక్ తాగి నోరు పుక్కిలించకుండా ఊదితే ఆ తీపి, పులుపు లీడ్‌పైప్‌లో పేరుకుంటాయి. ఇత్తడిలోని జింకు కరిగిపోయి గొట్టం మీద గులాబీరంగు మచ్చలు లేస్తాయి. అవి కనిపించాయంటే లోపలినుంచి తినేస్తోందని అర్థం, పాలిష్‌తో పోవు.

పాలిష్ మాటకొస్తే, చింతపండూ ఇత్తడి తోమే పొడీ పూజగది దాకే ఉండనివ్వండి. బ్రాసో కూడా లాకర్ ఉన్న వాయిద్యానికి శత్రువే, పూతను తినేసి మచ్చలు చేస్తుంది. పూత లేని ఉత్త ఇత్తడికైతే వాడొచ్చు. లాకర్ ఉన్నదానికి ఉతికిన పాత నూలు పంచె ముక్క చాలు. వాయించగానే చెమట తుడవడమే అసలు పని. వాల్వ్‌ల దగ్గర చెయ్యి ఆనే చోట తోలు హ్యాండ్‌గార్డు కట్టుకుంటే పూత ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. ఊళ్లో తోలుపని చేసేవాళ్లు కొలత ఇస్తే కుట్టిస్తారు.

సూసాఫోన్ కొనేవాళ్లు రెండు వంపు ముక్కలు, అంటే బిట్లు, ఉన్నాయో లేదో ముందు చూడండి. మౌత్‌పీస్‌కూ మెడగొట్టానికీ మధ్య ఇవి తగులుతాయి, వీటిని తిప్పే మౌత్‌పీస్‌ను నోటి ఎత్తుకు తెచ్చుకుంటాం. సెకండ్‌హ్యాండ్ వాటిలో ఒకటి పోయి ఉండటం మామూలే. అప్పుడు వాయించేవాళ్లు మెడ వంచి ఊదుతారు, గంటకే మెడ పట్టేస్తుంది. భుజానికి స్పాంజి ప్యాడ్ తప్పనిసరి. వినాయక నిమజ్జనం రోజున కర్నూలు కేసీ కెనాల్ ఘాట్ దాకా సాగే ఊరేగింపులో గంటలకొద్దీ మోసేది ఆ భుజం ఎముకే.

ట్రాంబోన్ స్టాండ్ కొనండి, ఇందులో పొదుపు వద్దు. కుర్చీకి ఆనించిన ట్రాంబోన్ ఒక్కసారి జారితే స్లైడు సొట్ట పడుతుంది. ఆ సొట్ట కంటికి ఆననంత చిన్నదైనా స్లైడు అక్కడ ఆగుతుంది. కింద పెట్టేటప్పుడల్లా స్లైడ్ లాక్ వేయండి. యుఫోనియంకు మొదట్లో స్టాండ్ లేకపోయినా పెట్టెలో పడుకోబెట్టొచ్చు. సిమెంటు నేల మీద బెల్‌ను, అంటే వెడల్పాటి నోటిని, బోర్లా నిలబెట్టడం మాత్రం వద్దు.

శ్రుతి చూసే ట్యూనర్‌కు ఫోన్‌లో ఉచిత యాప్ ఇంట్లో చాలు. డ్రమ్ముల మధ్య ఫోన్‌కు ఏమీ వినపడదు, అక్కడ బెల్‌కు తగిలించే క్లిప్ ట్యూనర్ పనికొస్తుంది. మ్యూట్ (శబ్దం తగ్గించేందుకు బెల్‌లో పెట్టేది) మొదటి ఏడాది అక్కర్లేదు. అపార్టుమెంటులో ఉంటే ప్రాక్టీస్ మ్యూట్ తీసుకోండి. దానితో శ్రుతి మారుతుంది, ట్యూనర్ చూడకుండా దానిమీదే రోజులతరబడి సాధన చేస్తే చెవి తప్పుదారి పడుతుంది.

మన ఊళ్ల సంగీత దుకాణాల్లో ఎక్కువగా కీబోర్డు, గిటార్, తబలా సామానే ఉంటుంది. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాదు దారి దగ్గర. ఫోన్ చేసినప్పుడు "బ్రాస్ సామాను కావాలి" అంటే ట్రంపెట్ సామానే కట్టి పంపుతారు. వాయిద్యం పేరు, మోడల్ నంబరు, షాంక్ కొలత, పిస్టన్లా రోటరీనా (పైకీ కిందికీ ఆడే వాల్వ్‌లా, తిరిగే వాల్వ్‌లా), ఈ నాలుగూ చెప్పండి. వాటితోపాటు మీ వాటర్ కీ వెడల్పు కొలిచి రెండు బెండు ముక్కలు కూడా అడగండి. నీళ్లు వదిలే ఆ చిన్న మూత కింది బెండు అరిగితే గాలి సన్నగా కారి, కింది స్వరాలు మొత్తం వణుకుతాయి.